నోటితో చెప్పలేని 'వద్దు': మనస్తత్వ ప్రయోగాల్లో పిల్లలు

1920లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన ఒక పరిశోధన పత్రంలో చిన్న వివరం ఒకటి ఉంది. ఆ ప్రయోగం గురించి రాయని మనస్తత్వ శాస్త్ర పాఠ్యపుస్తకం దాదాపు ఉండదు. ఆ వివరం మాత్రం అరుదుగా కనబడుతుంది. జాన్ వాట్సన్, రోజలీ రేనర్ కలిసి 11 నెలల పసివాడి ముందు ఒక తెల్ల ఎలుకను ఉంచారు. వాడు దాన్ని తాకబోయినప్పుడల్లా వెనక నుంచి ఉక్కు కడ్డీ మీద సుత్తితో కొట్టారు. కొన్నిసార్లు ఇలా జరిగాక చప్పుడు లేకపోయినా సరే, ఎలుక కనబడితే చాలు, వాడు ఏడ్చి, పక్కకు ఒరిగిపోయి, పాకుతూ దూరంగా పోయాడు. భయాన్ని నేర్పవచ్చని వాళ్లు తేల్చారు. అయితే ఒక అడ్డంకి వచ్చింది. నోట్లో బొటనవేలు పెట్టుకుని చప్పరిస్తున్నంతసేపు ఆ బిడ్డ దేనికీ బెదిరేవాడు కాదు. అందుకని మాటిమాటికీ ఆ వేలు నోట్లోంచి లాగేస్తే తప్ప తమకు కావలసిన స్పందన రాలేదని పరిశోధకులే రాసుకున్నారు.

ఆ బొటనవేలే ఆ పిల్లవాడి 'వద్దు'. మాటలు రాని వయసులో తనను తాను ఊరడించుకోవడానికి వాడి దగ్గర ఉన్నది అదొక్కటే. పరిశోధకులు దాన్ని చూశారు, గమనించారు, శ్రద్ధగా నమోదు కూడా చేశారు. చూసింది మాత్రం ప్రయోగానికి అడ్డొచ్చిన వస్తువుగా. వాళ్లు క్రూరులని చెప్పడానికి ఆధారాలు లేవు. బిడ్డకు ఇష్టమా కాదా అన్న ప్రశ్నకు ఆనాటి పరిశోధనలో చోటే లేదు, అంతే. వాడి తల్లి అక్కడి పిల్లల ఆస్పత్రిలోనే ఇతరుల బిడ్డలకు పాలిచ్చే ఉద్యోగం చేసేది. అలాంటి మనిషి అక్కడి ప్రొఫెసర్‌ను కాదనగలిగేదా అన్నది ఇంకో ప్రశ్న. పిల్లవాణ్ని ఫలానా రోజున తీసుకెళ్లిపోతారని నెల ముందే తెలిసినా, కలిగించిన భయాన్ని పోగొట్టే ప్రయత్నం జరగలేదు.

పిల్లల మీద జరిగే పరిశోధనలకు ఇవాళ నియమాలు చాలా ఉన్నాయి. కమిటీలున్నాయి, ఫారాలున్నాయి, సంతకాలున్నాయి. ఇవన్నీ అవసరమే. కానీ ఈ నియమాల బరువంతా సంతకం మీదే పడుతుంది. సంతకం పెట్టేది పెద్దలు, ప్రయోగం జరిగేది పిల్లల మీద. ఈ రెంటి మధ్య ఉన్న దూరంలోనే అసలు చిక్కంతా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ వైద్యుల విచారణ నుంచి పుట్టిన 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి, పాల్గొనే మనిషి స్వచ్ఛందంగా ఇచ్చే సమ్మతి తప్పనిసరి అంటూ మొదలవుతుంది. సమ్మతి ఇచ్చే వ్యక్తికి చట్టరీత్యా ఆ అర్హత ఉండాలని కూడా అంటుంది. అక్షరాలా పాటిస్తే పిల్లలతో ఏ పరిశోధనా చేయడానికి వీల్లేదు. అలా చేస్తే పిల్లలు క్షేమంగా ఉంటారా అంటే, అదీ కాదు. పిల్లల భయాలూ బాధలూ చదువు ఇబ్బందులూ ఎవరికీ తెలియకుండా మిగిలిపోతాయి. పెద్దల మీద తేలిన సంగతులనే అందాజాగా పిల్లలకు అంటగట్టాల్సి వస్తుంది. ప్రపంచ వైద్య సంఘం చేసిన 1964 నాటి హెల్సింకీ ప్రకటన సంరక్షకుల సమ్మతితో ఈ తలుపు తెరిచింది. 1977లో అమెరికా జాతీయ కమిషన్ ఒకటి ఇంకో అడుగు వేసి రెండు మాటలను విడదీసింది. తల్లిదండ్రులు ఇచ్చేది 'అనుమతి', పిల్లలు ఇచ్చేది 'సమ్మతి'. ఏడేళ్లు దాటిన పిల్లల సమ్మతి విడిగా అడగాలని సూచించింది.

1983లో ఇవి అమెరికా ప్రభుత్వ నిబంధనలుగా మారినప్పుడు అందులో ఒక మాట చేరింది. ఆ నిబంధనల మొత్తంలో విలువైన మాట బహుశా అదే: పిల్లవాడు అభ్యంతరం చెప్పకపోవడం సమ్మతి కిందికి రాదు, ఒప్పుకుంటున్నట్టు తనకు తానుగా తెలపాలి. 'మౌనం అర్ధాంగీకారం' అనే అలవాటు ఇక్కడ చెల్లదు. పెద్దల ముందు మౌనంగా ఉండటమే పిల్లలకు మొదటి నుంచీ నేర్పే పాఠం కాబట్టి వాళ్ల మౌనానికి ఏ అర్థమైనా ఉండవచ్చు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం కూడా తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకుందని, వయసునూ పరిపక్వతనూ బట్టి దానికి విలువనివ్వాలని అంటుంది.

తల్లిదండ్రులే లేని పిల్లల సంగతి ఏమిటి? 1939లో అయోవా విశ్వవిద్యాలయంలో జరిగిన అధ్యయనం ఈ ప్రశ్నకు దొరికిన అతి బాధాకరమైన జవాబు. వెండెల్ జాన్సన్ అనే ఆచార్యుడికి చిన్నప్పటి నుంచీ నత్తి. పిల్లలు మామూలుగా తడబడే మాటలనే పెద్దలు తప్పుపట్టి, 'నీకు నత్తి ఉంది' అని ముద్ర వేయడం వల్లే నత్తి పుడుతుందని ఆయన అనుమానం. దాన్ని పరీక్షించే పని మేరీ ట్యూడర్ అనే విద్యార్థినికి అప్పగించారు. డావెన్‌పోర్ట్‌లోని అనాథాశ్రమం నుంచి 22 మంది పిల్లలను తీసుకున్నారు. అందులో పదిమందికి అప్పటికే నత్తి ఉంది, పన్నెండు మందికి లేదు. ఏ లోపమూ లేని ఆ పన్నెండు మందిలో ఆరుగురికి నెలల తరబడి చెప్పిన మాట ఒక్కటే: నీకు నత్తి మొదలవుతోంది, సరిగ్గా మాట్లాడగలిగితే తప్ప నోరు తెరవకు.

ఆ పిల్లలు నిజంగానే నోరు మూసుకున్నారు. బాగా మాట్లాడే పిల్లలు ముడుచుకుపోయారు, ఒక్క మాటలో జవాబు చెప్పడం మొదలుపెట్టారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ట్యూడర్ తర్వాత పలుమార్లు ఆశ్రమానికి వెళ్లి, జరిగినదాన్ని సరిచేయడానికి ప్రయత్నించింది. వాళ్ల మీద తాము గట్టి ముద్రే వేశామని 1940లో జాన్సన్‌కు రాసింది. ఆ సిద్ధాంత గ్రంథం గ్రంథాలయంలో ఉండిపోయింది, పత్రికల్లో అచ్చు కాలేదు. 2001లో ఒక దినపత్రిక బయటపెట్టేదాకా, అది ప్రయోగమని ఆ పిల్లల్లో చాలామందికి తెలియదు. అప్పటికి వాళ్లు ముసలివాళ్లయ్యారు. విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం ఆ పిల్లల్లో కొందరికి పరిహారంగా 9,25,000 డాలర్లు చెల్లించింది. వాళ్లలో కొంతమంది అప్పటికే చనిపోయారు. వాళ్ల వాటా వారసులకు వెళ్లింది.

ఈ కథలో ఒక మలుపు ఉంది, దాన్ని దాటవేయకూడదు. 2002లో నికోలిన్ ఆంబ్రోస్, ఎహుద్ యైరి అనే పరిశోధకులు పాత రికార్డులను మళ్లీ విశ్లేషించి, ఆ పిల్లలకు నత్తి వచ్చిందనడానికి ఆధారం లేదని రాశారు. అంటే జాన్సన్ ఊహ అక్కడ రుజువు కాలేదు. మరి హాని జరగలేదా? జరిగింది. హాని తేల్చాల్సింది పరిశోధకుడు కొలవాలనుకున్న ఫలితాన్ని బట్టి కాదు. ఒక పిల్ల 'నేను మాట్లాడితే తప్పు' అని నమ్ముతూ పెరిగితే అది హానే, నత్తి వచ్చినా రాకపోయినా. పరికరం కొలవనిది జరగలేదనుకోవడం మనస్తత్వ పరిశోధనలో ఇప్పటికీ ఉన్న పొరపాటు.

వైద్య పరిశోధనలో హాని శరీరం మీద కనబడుతుంది. మనస్తత్వ పరిశోధనలో అది పిల్లవాడు తన గురించి తాను ఏమనుకుంటున్నాడన్న చోట జరుగుతుంది. అందుకే వయసు లెక్క కూడా ఇక్కడ తలకిందులవుతుంది. చిన్నపిల్లలు సున్నితం, పెద్దయ్యేకొద్దీ గట్టిపడతారు అనేది అందరి నమ్మకం. అది సగమే నిజమని రాస్ థాంప్సన్ 1990లో ఒక వ్యాసంలో వివరించాడు. అమ్మ కనబడకపోతే ఏడాది బిడ్డ అల్లాడిపోతాడు, కానీ ఓడిపోయానన్న సిగ్గు వాడికి తెలియదు. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి పక్కవాడితో పోల్చుకోవడం మొదలవుతుంది. పూర్తిచేయలేని పజిల్ ఒకటి ఇచ్చి పిల్లవాడి పట్టుదలను కొలిచే ప్రయోగం మూడేళ్లవాడికి ఆటగానే ముగియవచ్చు, తొమ్మిదేళ్లవాడికి మాత్రం 'నాకు తెలివి లేదు' అన్న తీర్పు అవుతుంది. ఇంకాస్త పెద్దవాళ్లయితే ఎదుటివాళ్లు తమ గురించి ఏమనుకుంటున్నారో ఊహించడం నేర్చుకుంటారు. 'మీలో దిగులు ఎంత' అనే ప్రశ్నాపత్రం చేతిలో పెడితే, నన్నే ఎందుకు ఎంచుకున్నారని లోపల్లోపల కుమిలేది పదమూడేళ్లవాళ్లే.

ఓటమి అనుభవం కలిగించే ప్రయోగాలు చేసే మంచి పరిశోధకులు పిల్లవాణ్ని ఆ ఓటమితో ఇంటికి పంపరు. చివర్లో తప్పకుండా పూర్తిచేయగలిగే పని ఒకటి ఇస్తారు. ఇందాకటిది ఎవరికీ సాధ్యం కానిదని విప్పి చెబుతారు. ఇది చిన్న పనిలా కనబడుతుంది గానీ, నీతి అనేది ఫారంలో కన్నా ఇలాంటి చోట్లే ఎక్కువ కనబడుతుంది.

నియమాల్లో తరచూ వినబడే కొలబద్ద 'కనీస ప్రమాదం'. రోజువారీ జీవితంలోనో, మామూలు వైద్య పరీక్షల్లోనో, మానసిక పరీక్షల్లోనో ఎదురయ్యే దానికన్నా ఎక్కువ కాకూడదని దాని అర్థం. పసిబిడ్డకూ తల్లికీ మధ్య అనుబంధాన్ని చూడటానికి మేరీ ఐన్స్‌వర్త్ రూపొందించిన పద్ధతి ఈ కొలబద్దకు మంచి ఉదాహరణ. సుమారు 20 నిమిషాల పాటు, ఎనిమిది ఘట్టాలుగా సాగుతుంది. తల్లి రెండుసార్లు గదిలోంచి వెళ్తుంది, ఒక్కోసారీ మూడేసి నిమిషాలు. బిడ్డ ఏడుస్తాడు, ఏడ్చే అవకాశం ఉందని తెలిసే ఆ ప్రయోగం పెడతారు. దాన్ని సమర్థించే కారణాలు రెండు. తల్లి పక్కగదిలోకి వెళ్లడం ఏ ఇంట్లోనైనా జరిగేదే. రెండోది, ఇంకా ముఖ్యమైనది: బిడ్డ మరీ కలతపడితే మూడు నిమిషాలు గడిచేదాకా ఆగరు, తల్లిని వెంటనే లోపలికి పంపుతారు. ఏడుపు ఇక్కడ నమోదు చేసుకునే వివరమే, దానితో పాటు ప్రయోగాన్ని ఆపే ఆజ్ఞ కూడా. 1920 నాటి గదికీ దీనికీ తేడా ఇక్కడుంది.

అయితే 'రోజువారీ జీవితం' అంటే ఎవరి జీవితం? ఇంట్లో దెబ్బలు తింటున్న పిల్లకు రోజూ ఎదురయ్యే ప్రమాదం చాలా ఎక్కువ. ఆ లెక్కన ఆ పిల్లను ఇంకాస్త బాధపెట్టే ప్రయోగం కూడా 'కనీస ప్రమాదం' కిందికే వస్తుంది. ఇంతకన్నా అన్యాయమైన తర్కం ఉండదు. ఆరోగ్యంగా, భద్రంగా ఉన్న పిల్లల జీవితాన్నే కొలతగా తీసుకోవాలని చాలామంది నీతి పండితులు పట్టుబడుతున్నారు. అది సరైన వాదన.

ఇక సమ్మతి ఆచరణలో ఎలా ఉంటుందో చూడాలి. తరగతి గదిలోకి ఎవరో పెద్దమనిషి వస్తారు, టీచర్ పరిచయం చేస్తారు, 'ఇష్టమైతేనే రండి' అంటారు. ఆ మాట పిల్లలకు 'రండి' అనే వినబడుతుంది. బడిలో ఇష్టమైతేనే చేసే పని అంటూ ఏదీ వాళ్లకు అలవాటు లేదు మరి. ప్రయోగం ఏమిటో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం కష్టమేమీ కాదు. బడి వయసు పిల్లలు అదెలా జరుగుతుందో, తామేం చేయాలో బాగానే గ్రహిస్తారు. వాళ్లకు తెలియనిది మధ్యలో ఆపేయడం ఎలా అన్నది. ఆపవచ్చని విన్నవాళ్లు కూడా ఆపితే ఆ వచ్చిన పెద్దమనిషి నొచ్చుకుంటారేమో, కోప్పడతారేమో అని ఆగిపోతారు. కాబట్టి 'ఎప్పుడైనా ఆపేయవచ్చు' అన్న ఒక్క మాట చాలదు. 'నువ్వు ఆపేస్తే నాకేమీ కోపం రాదు' అన్న మాట కూడా చెప్పాలి. ఎలా ఆపాలో ముందే ఒకసారి చేయించి చూపాలి.

వాల్టర్ మిషెల్ స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో చేసిన ప్రసిద్ధ ప్రయోగాల్లో ఇలాంటి ఏర్పాటే ఒకటి ఉంది. ఒక మిఠాయి ఇప్పుడే కావాలా, కాసేపు ఆగి రెండు తీసుకుంటావా అని పిల్లల ఓర్పును పరీక్షించినవి అవి. బల్ల మీద గంట ఉండేది. అది మోగిస్తే బయటికి వెళ్లిన పెద్దమనిషి వెంటనే తిరిగి వచ్చేవాడు. అలా వస్తాడని పిల్లవాడికి నమ్మకం కలిగేలా ముందే ఆటగా చేయించేవారు. అది నీతి కోసం పెట్టిన గంట కాదు, ప్రయోగంలో భాగం. అయినా ఒక సంగతి తెలుస్తోంది: ఆపే శక్తిని నాలుగేళ్లవాడి చేతిలో పెట్టవచ్చు, పెడితే వాడికి అర్థమవుతుంది.

నోటితో 'వద్దు' అనని పిల్లలు చాలా రకాలుగా వద్దంటారు. బాత్రూమ్‌కు వెళ్తానంటారు. ఇంకా ఎంతసేపని అడుగుతారు. అడిగినదానికల్లా 'తెలీదు' అంటారు. తలుపు వైపు చూస్తారు. పసిపిల్లలైతే మొహం తిప్పేస్తారు, వీపు విల్లులా వంచి ఒళ్లోంచి జారిపోతారు. పసిపిల్లలతో పనిచేసే ప్రయోగశాలల్లో బిడ్డ చిరాకుపడితే ఆ రోజుకు అక్కడితో ముగించడం మామూలు. ఆ బిడ్డ సమాచారం లెక్కలోంచి పోతుంది, పోనిస్తారు. పెద్దపిల్లల విషయంలో ఈ ఓపిక తగ్గిపోవడమే విచిత్రం. బిడ్డ ఏడుపును గౌరవించే మనిషే ఎనిమిదేళ్లవాడితో 'ఇంకొక్కటే, అయిపోతుంది' అంటాడు.

కొన్ని ప్రయోగాలు మోసం లేకుండా సాగవు. 1954 వేసవిలో ముజఫర్ షెరీఫ్ బృందం ఓక్లహోమాలోని రాబర్స్ కేవ్ పార్కుకు 11, 12 ఏళ్ల మగపిల్లలను 22 మందిని తీసుకెళ్లింది. వాళ్లకు తెలిసినంతవరకూ అది వేసవి శిబిరం. శిబిరం సిబ్బందిలా మెలిగినవాళ్లు పరిశోధకులు. రెండు జట్లుగా విడదీసి, పోటీ పెట్టి, జెండాలు కాల్చుకునేంత పగ రేపి, తర్వాత కలిసి చేస్తే తప్ప కాని పనులు పెట్టి రాజీ కుదిర్చారు. సామాజిక మనస్తత్వ శాస్త్రానికి అది గొప్ప పాఠమే. కానీ తాము పరిశోధనలో ఉన్నామని తెలియని పిల్లవాడు దానికి ఒప్పుకోనూ లేడు, కాదననూ లేడు.

పెద్దలను మోసగించిన ప్రయోగాల్లో తర్వాత అసలు సంగతి చెప్పేస్తే సగం తప్పు కడిగినట్టని భావిస్తారు. దీన్నే డిబ్రీఫింగ్ అంటారు. పిల్లల దగ్గర ఇది సరిగ్గా పనిచేయదు. అయిదేళ్ల పిల్లకు 'ఇందాక చెప్పింది నిజం కాదమ్మా' అంటే, ఆ పిల్ల నేర్చుకునేది పెద్దవాళ్లు అబద్ధం చెబుతారని. చెప్పకుండా వదిలేస్తే ఆ అబద్ధమే నిజమై మిగులుతుంది. రెండు దారుల్లోనూ నష్టముంది కాబట్టి పిల్లల విషయంలో మోసాన్ని ఒక సాధారణ పద్ధతిగా చూడటమే తప్పు. వేరే దారి లేదని కమిటీ ముందు నిరూపించాకే అది రావాలి.

ఎవరి పిల్లలు అన్న ప్రశ్న కూడా వదిలేది కాదు. అనాథాశ్రమాలు, వసతి గృహాలు, ఆస్పత్రి వార్డులు పరిశోధనకు అనువైనవి. పిల్లలు ఒకేచోట ఉంటారు, అడ్డుచెప్పే అమ్మానాన్నలు ఉండరు. పరిశోధన నీతి గురించి అమెరికాలో వెలువడిన 1979 నాటి బెల్మాంట్ నివేదిక న్యాయం అనే సూత్రంతో అడిగింది ఇదే: సులువుగా దొరుకుతారని ఒక గుంపును వాడుకుంటున్నారా, లేక ఆ గుంపు సమస్య కోసమే ఆ గుంపు దగ్గరికి వెళ్తున్నారా?

ఈ ప్రశ్నను నిజంగా తలకెత్తుకున్న అధ్యయనం 2000లో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో మొదలైంది. నియంత చౌషెస్కూ పాలన తర్వాత అనాథాశ్రమాల్లో మగ్గుతున్న పిల్లల్లో 6 నుంచి 31 నెలల వయసున్న 136 మందిని చార్ల్స్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్ల్స్ జీనా బృందం ఎంచుకుంది. లాటరీ వేసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి, మిగతా సగాన్ని ఆశ్రమాల్లోనే ఉంచి పోల్చింది. కుటుంబమే మేలని ముందే తెలిసినప్పుడు 68 మందిని ఆశ్రమంలో వదలడం ఏం నీతి అన్న విమర్శ అప్పుడే వచ్చింది. అది తేలిగ్గా కొట్టిపారేసే విమర్శ కాదు. పరిశోధకుల జవాబు ఇది: ఆ ఊళ్లో అప్పటికి పెంపుడు కుటుంబాల వ్యవస్థ దాదాపు లేదు, ఆ 56 కుటుంబాలను తామే సమకూర్చారు. కాబట్టి ఎవరి దగ్గర నుంచీ ఏదీ లాక్కోలేదు. ఆశ్రమంలో మిగిలిన పిల్లవాడికి సొంత కుటుంబమో, దత్తతో, కొత్త పెంపుడు ఇల్లో దొరికితే పరిశోధన కోసం ఆపలేదు. కుటుంబానికి వెళ్లిన ఏ పిల్లనూ వెనక్కి తేలేదు. ప్రయోగం ముగిశాక పెంపుడు కుటుంబాలను స్థానిక ప్రభుత్వానికి అప్పగించారు, పిల్లలను నడిరోడ్డు మీద వదలలేదు. కుటుంబాల్లో పెరిగిన పిల్లల బుద్ధి వికాసం మెరుగ్గా ఉందని 2007లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఇంత జాగ్రత్త తీసుకున్నా లాటరీలో ఆశ్రమం వచ్చిన పిల్లవాడి వైపు నుంచి చూస్తే మనసు ఒప్పదు. ఒప్పకపోవడమే మంచిది. ఆ ఇబ్బంది ఉన్నందువల్లే ఆ నిబంధనలన్నీ పుట్టాయి.

పిల్లలు నమ్మకంతో చెప్పే సంగతుల విషయంలోనూ ఇలాంటి ముందుచూపు కావాలి. 'నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను' అని మాటిచ్చాక, ఇంట్లో తనను ఎవరో హింసిస్తున్నారని పిల్ల చెబితే పరిశోధకుడు ఊరుకోలేడు, ఊరుకోకూడదు. చాలా దేశాల చట్టాలూ ఊరుకోనివ్వవు. మరి ఆ మాట ఎందుకిచ్చినట్టు? గోప్యతకు హద్దు ఎక్కడో మొదటి రోజే పిల్ల భాషలో చెప్పాలి: 'నీకు ప్రమాదం ఉందని తెలిస్తే మాత్రం, నిన్ను కాపాడగలవాళ్లకు చెబుతాను.' అలా చెబితే కొందరు పిల్లలు నోరు విప్పరన్నది నిజమే. విప్పాక మోసపోయామనుకోవడం కన్నా అది నయం.

పిల్లలు పిల్లలుగానే ఉండిపోరు. రెండేళ్లప్పుడు తీసిన వీడియో, పదేళ్లప్పుడు నింపిన ప్రశ్నాపత్రం ఆ మనిషికి ముప్పై ఏళ్లు వచ్చినా ఎక్కడో భద్రంగా ఉంటాయి. తల్లిదండ్రుల అనుమతి అంతకాలం చెల్లుతుందనుకోవడానికి వీల్లేదు. దీర్ఘకాలం సాగే అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లు మేజర్లు కాగానే మళ్లీ అడగడం, కాదంటే తప్పుకోనివ్వడం సరైన పద్ధతి.

న్యూయార్క్‌లో 1960ల్లో పీటర్ న్యూబాయర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఒక దత్తత సంస్థతో కలిసి చేసిన అధ్యయనంలో ఇలా అడిగినవాళ్లు లేరు. కవలలను, ఒకచోట ముగ్గురు ఒకే కాన్పు పిల్లలను విడదీసి వేర్వేరు ఇళ్లకు దత్తత ఇచ్చారు. బిడ్డకు తోబుట్టువు ఉన్న సంగతి పెంపుడు తల్లిదండ్రులకు చెప్పలేదు. పిల్లల ఎదుగుదలను గమనిస్తున్నామని చెప్పి ఏళ్ల తరబడి ఇళ్లకు వచ్చి పరీక్షలు చేసి, ఫిల్ములు తీసుకుని వెళ్లారు. ఆ ముగ్గురు అన్నదమ్ములు 1980లో, 19 ఏళ్ల వయసులో, అనుకోకుండా ఒకరినొకరు కనుక్కున్నారు. అధ్యయనం ఫలితాలు పూర్తిగా ఎన్నడూ అచ్చు కాలేదు. కాగితాలు యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. తమ బాల్యం గురించి తమకు చూపించమని అడిగిన కొందరికి కొంత భాగం ఇచ్చారు, అందులో చాలావరకు నల్లగీతలతో కొట్టేసి. మిగతావి 2065 వరకు తెరవకూడదని ఆంక్ష ఉంది. అప్పటికి ఆ పిల్లల్లో ఎవరైనా బతికి ఉంటే వాళ్ల వయసు నూరేళ్ల దరిదాపుల్లో ఉంటుంది.